మిగులుపిండి గవ్వలు

మొహం చూసి సంగతి పసిగట్టేవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. అప్పలనర్సమ్మకి ఆ విద్య రాదు. మొహంతో ఆవిడకి పనిలేదు, పిండి చూపిస్తే చాలు. సంచీ మూతి విప్పి, గోధుమపిండి రెండు వేళ్ళ మధ్య నలిపి, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పేసేది. చెప్పేసేది అంటే నలుగురిలోనూ కాదులెండి, తనకి తనే. ఆవిడ నోరు పెద్దదే గానీ కడుపు అంతకంటే పెద్దది. అందులో పడిన మాట పైకి రాదు.

ఆవిడ ఉద్యోగం బిలాస్‌పూర్ రన్నింగ్ రూములో వంట. వేరే ఊళ్ళ నుంచి బండి తోలుకొచ్చిన డ్రైవర్లూ గార్డులూ తిరుగు బండి దొరికేదాకా తిని పడుకునే చోటది. అక్కడో పద్ధతి ఉండేది. ఎవరి సరుకు వాళ్ళే తెచ్చుకోవాలి. వచ్చినవాడు వచ్చినట్టే తన పిండీ, పప్పూ, రెండు ఉల్లిపాయలూ వంటింటి గట్టు మీద పెట్టి, మంచం నంబరు చెప్పి స్నానానికి పోతాడు. ఎవరి పిండి వాళ్ళకే తడపాలి, ఎవరి రొట్టె వాళ్ళకే పెట్టాలి. ఒకరిది ఒకరికి కలిస్తే కొంపలంటుకున్నట్టే. మిశ్రా అని ఒక గార్డుండేవాడు. తన రొట్టెని పక్కవాడి రొట్టెల్లోంచి వాసన పట్టి తీయగలనని ప్రగల్భాలు పలికేవాడు. ఆయన రొట్టెలు పాణిగ్రాహి అనే డ్రైవరు కంచంలోకీ, పాణిగ్రాహివి ఆయన కంచంలోకీ వెళ్ళిన రోజు, భేషుగ్గా ఉన్నాయని ఇంకోటి అడిగి వేయించుకున్నాడు. అప్పలనర్సమ్మ ఆ సంగతి కూడా కడుపులోనే పెట్టుకుంది.

పన్నెండేళ్ళు రోజుకి ముప్పై మంది పిండి తడిపితే ఎవరికైనా తెలుస్తుంది. దుకాణం ప్యాకెట్ పిండి వచ్చిందంటే పెళ్ళాం పుట్టింటికెళ్ళింది. పిండికి నెయ్యి పట్టించి ఉందంటే తల్లి ఊరి నుంచి వచ్చింది. జల్లించని పిండి వచ్చిందంటే ఆలుమగలు మాట్లాడుకోవడం లేదు. ఇవన్నీ ఆవిడ శాస్త్రం. నూటికి తొంభై నిజమయ్యేవి.

నాలుగు రొట్టెలకని తడిపిన పిండి సరిగ్గా నాలుగు రొట్టెలకి ఏనాడూ సరిపోదు. నిమ్మకాయంత ఉండ మిగులుతుంది. పారేయమనేవారు డ్రైవర్లు. "పారీడానికి మీ అత్తోరింటి సొమ్మేటి?" అని కసిరి, ఆ ఉండల్ని ఒక స్టీలు గిన్నెలో వేసి తడిగుడ్డ కప్పేది. సాయంత్రానికి గిన్నె నిండేది. బీహారు పిండి, ఒరిస్సా పిండి, ఛత్తీస్‌గఢ్ పిండి, మన శ్రీకాకుళం వాళ్ళ పిండి, ఎవరిదేదో బ్రహ్మదేవుడు కూడా విడదీయలేడు. రొట్టె దగ్గర అంత పట్టింపు ఉన్న మనుషులు ఈ గిన్నె సంగతి అడిగేవారు కాదు. ఎందుకంటే ఆ గిన్నెలోంచే గవ్వలు వస్తాయి.

రొట్టెల పిండి మెత్తన. అలాగే వేయిస్తే గవ్వలు తోలుముక్కల్లా సాగుతాయి. ఆవిడ దాంట్లో బొంబాయి రవ్వ గుప్పెడు చల్లి, కాగిన నూనె గరిటెడు పోసి, మళ్ళీ చెయ్యి నొప్పెట్టేదాకా మర్దించేది. ఉసిరిగింజంత ఉండ తీసుకుని, దువ్వెన పళ్ళ మీద బొటనవేలితో నొక్కి లాగితే గవ్వ చుట్టుకుని కింద పడేది. ఆ దువ్వెన తెలిపారా బజారులో కొన్న కర్రదువ్వెన. దానికి తల వెంట్రుక తగిలిన పాపాన పోలేదు. సన్నసెగ మీద ఎర్రగా వేయించి, బెల్లం పాకంలో దొర్లించి, ఆరబెట్టి, పేపరు పొట్లాలు కట్టేది. బెల్లం ఎవడో ఒకడు తెచ్చి పడేసేవాడు. బండెక్కే ప్రతివాడి చేతిలో ఒక పొట్లం. వాళ్ళకి ఆవిడ మౌసీ, అంటే పిన్ని. "మౌసీ గవ్వలు లేకపోతే సిగ్నల్ కూడా పడదు" అనేవారు. ఇవ్వని రోజున ఎర్రదీపానికి కూడా ఆవిడదే బాధ్యత.

ఈ ఉద్యోగం ఆవిడకి మొగుడి పేరున వచ్చింది. ఆయన పేరు సింహాచలం. ఇక్కడి ఇంజన్ షెడ్డులో ఫైర్‌మన్‌గా చేస్తూ నలభై రెండేళ్ళకే పోయాడు. రైల్వేవాళ్ళు ఆవిడకి వంటింటి పని ఇచ్చారు. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి వచ్చిన మనిషి, హిందీ ముక్క రాదు. పనిలో చేరిన కొత్తలో "నమక్ కమ్", ఉప్పు తక్కువైంది అంటే మెచ్చుకుంటున్నారనుకుని నవ్వేది. ఇప్పుడు ఏ భాషవాడిని ఆ భాషలోనే తిడుతుంది.

బిలాస్‌పూర్‌కి రైల్వే జోన్ వచ్చిందని ఊరంతా సంబరపడిన ఏడాది జరిగిన సంగతి ఇది.

త్రినాథరావు రాయగఢ్‌లో ఉండే గూడ్స్ డ్రైవరు. పార్వతీపురం వైపు మనిషి. యాభై ఎనిమిదో ఏడు నడుస్తోంది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేదు. వారానికి రెండుసార్లు బొగ్గుబండి తెచ్చేవాడు. అప్పలనర్సమ్మని చెల్లెలంటాడు, ఆవిడ అన్నయ్య అంటుంది. ఇద్దరికీ చుట్టరికం లేదు గానీ, ఇంటి భాష వినబడితే చాలని ఆ పరాయి ఊళ్ళో ఇద్దరికీ ఉండేది.

"ఏటన్నియ్యా, ఇంతాలీసమయింది?"

"గతౌరా టేసన్లో కూకోబెట్టీసినారు సెల్లీ, మూడు గంటలు. లైను ఖాళీ లేదంట."

"అచ్ఛా. పిండి అక్కడెట్టీసి తానం సేసిరా."

రోజూ ఇవే మాటలు. ఇద్దరికీ విసుగు పుట్టేది కాదు.

ఒక రోజు గవ్వలు చేదుగా వచ్చాయి. పాకం మాడిందేమోనని చూస్తే మాడలేదు. బెల్లం నాకి చూసింది, తియ్యగానే ఉంది. ఈలోగా మిశ్రా పొట్లం విప్పి రెండు నోట్లో వేసుకుని మొహం అష్టవంకరలు తిప్పాడు. "మౌసీ, ఆజ్ కరేలా డాలా క్యా?" అన్నాడు. కాకరకాయ కలిపావా అని. అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. పన్నెండేళ్ళలో తన గవ్వలకి వంక పెట్టినవాడు లేడు.

మర్నాటి నుంచి మిగులు ఉండ గిన్నెలో వేసే ముందు చిటికెడు తుంచి నాలిక మీద వేసుకోవడం మొదలుపెట్టింది. మూడో రోజు దొంగ దొరికింది. త్రినాథరావు పిండి. మెంతులు, యవలు, శనగలు కలిపి ఆడించిన పిండి. ఆ మూడూ ఏ ఇంట్లో, ఎందుకు కలుపుతారో రైల్వే కాలనీలో ఆడవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. అన్నియ్యకి షుగరు!

ఆవిడ ఆ పిండి ముద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయింది. డ్రైవరుకి షుగరు పైకి తేలితే డాక్టరు ఇంజన్ దింపేస్తాడు. ఇంజన్ దింపిన డ్రైవరు ఒడ్డున పడ్డ చేప. దాచిపెడితే మనిషికే ముప్పు. వెనక యాభై ఎనిమిది పెట్టెల బొగ్గుంటుంది, ముందు ఇంకెవరి బండో ఉంటుంది. ఇందులో చదువుకోనివాళ్ళకి అర్థం కాని సంగతేమీ లేదు.

అడుగుదామనుకుంది. అడగలేకపోయింది. ఆయన గట్టు మీద సంచీ పెట్టేటప్పుడు తేలు కుట్టిన దొంగలా తల తిప్పుకునేవాడు. పెద్దమనిషి, పరువుగల మనిషి. చెప్పుకోవాలనుంటే చెప్పుకుంటాడు గదా అని తనకి తనే నచ్చజెప్పుకుంది. నచ్చజెప్పుకుని, తన తెలివికి తనే మురిసిపోతూ ఒక ఉపాయం కూడా చేసింది. ఆయన పిండి మిగులు వేరే తీసిపెట్టి, వాము, కాస్త కారం వేసి ఉప్పుగవ్వలు చేసింది. బెల్లం తగలనివ్వలేదు. పొట్లానికి గుర్తుగా ఎర్రదారం కట్టింది.

మొదటిసారి ఆ పొట్లం తీసుకున్న త్రినాథరావు తర్వాతి ట్రిప్పులో వచ్చి, ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఏమీ అనలేదు. ఆవిడా అనలేదు. నీకు తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని నీకూ తెలుసు అన్నట్టు మూడు నెలలు గడిచాయి. ఎంత చల్లగా సాగిందంటే, తనేదో పుణ్యం చేస్తున్నట్టే ఉండేది ఆవిడకి.

భాద్రపదంలో ఒక రోజు పొద్దున్న, ఆయన పిండి ఇంకా తడుపుతుండగానే పిలుపొచ్చింది. బండి సిద్ధంగా ఉంది, రావాల్సిన డ్రైవరు రాలేదు, వెంటనే బయల్దేరమని. ఆయన అప్పటికే, రొట్టె వస్తుందిగదా అని, జేబులోంచి షుగరు మాత్ర తీసి మింగేశాడు. అది ఆవిడ కళ్ళారా చూసింది.

"రెండు నిమిషాలుండు, ఒక రొట్టె కాల్చి సుట్టిత్తాను."

"టైము లేదు సెల్లీ. పొట్లం ఉన్నాది గదా, సాలు."

రాత్రి కట్టి పెట్టిన ఎర్రదారం పొట్లం తీసుకుని పరుగెత్తాడు. వెనకాల అసిస్టెంట్ వేణుగోపాల్ తన పొట్లంతో. వేణుగోపాల్ ఇక్కడే పుట్టి పెరిగిన ముప్పై ఏళ్ళవాడు. తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలేవాడు. ఆవిడని పిన్నీ అంటాడు, త్రినాథరావుని ఉస్తాద్ అంటాడు.

రెండు రోజుల తర్వాత ఆ వేణుగోపాలే వంటింట్లోకి వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"పిన్నీ, ఎవరికీ చెప్పకు. గతౌరాలో మళ్ళీ లూప్‌లో పెట్టేశారు మమ్మల్ని, పక్క లైన్లో. గంటన్నర అయింది. ఉస్తాద్‌కి చెమటలు, పసీనా పసీనా. చేతులు వణికిపోతున్నాయి. పొట్లం విప్పి నాలుగు గవ్వలు నమిలారు. ‘మీఠా నహీ హై’, తియ్యగా లేదు అంటున్నారు, తెలుగు రాని మనిషిలాగ, నాతో హిందీలో! నాకు భయమేసింది. నా పొట్లంలో బెల్లంవి ఉన్నాయి కదా, నోట్లో కుక్కాను, ఒకటి తర్వాత ఒకటి. పావుగంటకి మనిషి లోకంలోకి వచ్చారు. బండి నిలబడి ఉంది కాబట్టి సరిపోయింది పిన్నీ. చల్ రహీ హోతీ తో? నడుస్తూ ఉంటే ఏమయ్యేది?"

ఆవిడ పొయ్యి ఆర్పి పీట మీద కూర్చుంది.

మాత్ర మింగి తిండి తినకపోతే షుగరు పడిపోతుందనీ, అప్పుడు తీపే ప్రాణం పోస్తుందనీ ఆవిడకి అప్పటిదాకా తెలియదు. ఆ శాస్త్రం ఆవిడ పిండిలో లేదు. షుగరుకి తీపి విషం అన్నంతవరకే తెలుసు. ఆ సగం తెలివితో, ప్రేమగా ఎర్రదారం కట్టి మరీ ఇచ్చింది.

అంతకంటే పెద్ద బాధ ఇంకోటి లేచింది. సింహాచలానికి గుండెల్లో నొప్పి వచ్చేది. మెడికల్ పరీక్షలో పట్టుబడితే షెడ్డులోంచి తీసేస్తారని భయపడి, గ్యాసని చెప్పి దాచాడు. ఆవిడకి తెలుసు. నొప్పి వచ్చినప్పుడల్లా వాము నీళ్ళు కాచి ఇచ్చేది. ఎవరికీ చెప్పొద్దంటే చెప్పలేదు. అలా పదకొండు నెలలు కాచింది. పన్నెండో నెలలో కాచే అవసరం లేకపోయింది. ఆ పదకొండు నెలలూ తను మంచి భార్యననే అనుకుంది. ఇప్పుడు మంచి చెల్లెల్ననుకుంటోంది. మళ్ళీ అదే వాము, అదే నోరు మూసుకోవడం!

తర్వాతి వారం త్రినాథరావు వచ్చి, సంచీ గట్టు మీద పెట్టి, "ఆరో నంబరు" అన్నాడు.

అప్పలనర్సమ్మ సంచీని వెనక్కి తోసింది.

"ఈ పిండి నాను తడపను."

ఆయన మొదట పరాచికం అనుకున్నాడు. తర్వాత ఆవిడ మొహం చూశాడు. రన్నింగ్ రూములో పిండి తడపనన్న మాట అంతవరకూ ఎవరూ వినలేదు. కంచం ముందు నుంచి చెయ్యి పట్టి లేపేసినంత అవమానం.

"ఏటయ్యింది సెల్లీ నీకు?"

"నాకేటీ అవలేదు. అయింది నీకు. రైల్వే డాక్టరు దగ్గిరికెల్లి, ఉన్నదున్నట్టు సెప్పుకుని రా. అప్పుడు తడుపుతాను, బతికున్నన్నాళ్ళూ తడుపుతాను."

"వేణు సెప్పీసినాడేటి?"

"నీ పిండి సెప్పింది. మూడు నెల్ల కింతమే సెప్పింది. నానే ఇనలేదు."

ఆయన గొంతు తగ్గించాడు. "రిటైరుకి ఇంకా రెండేళ్ళ సిల్లర, అంతే. మెడికల్‌కి ఇంకా టైమున్నాది. ఈలోగా బయట డాక్టరిచ్చిన మాత్రలతోటీ, మెంతులతోటీ తగ్గించీసుకుంటాను. ఇంజను లేపోతే నానేటి సేత్తాను సెప్పు? ముప్పై నాలుగేళ్ళు తోలినాను. నాకింకో పని రాదు."

"రాపోతే నేర్సుకో. నాకు ఇందీ వచ్చిందేటి?"

అప్పుడాయనకి కోపం వచ్చింది. పెద్దమనిషి కోపం కదా, నెమ్మదిగా వచ్చి గట్టిగా కూర్చుంది. "పిండి తడపడం నీ డూటీ. తడపనంటే రిపోర్టు రాయాలొత్తాది."

"రాసీ. ఎందుకు తడపనందో అది కూడా రాసీ."

త్రినాథరావు సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట స్టేషన్ దగ్గర కొనుక్కుని తిన్నాడని తెలిసింది. ఆవిడ ముప్పై మంది పిండీ తడిపింది, రొట్టెలన్నీ కాల్చింది, తను మాత్రం తినలేదు. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అని తనని తనే తిట్టుకుంది. అడుసు తొక్కకుండా ఉంటే పాదం శుభ్రంగా ఉండేది, నిజమే, కానీ మనిషి దక్కేవాడా?

రెండు ట్రిప్పులు ఆయన అలాగే వచ్చి, వంటింటి వైపు చూడకుండా వెళ్ళాడు. తర్వాత అసలు రావడమే మానేశాడు. ఆవిడ ప్రాణం చిక్కబట్టుకుని ఉంది. రాయగఢ్ నుంచి ఎవడు వచ్చినా ముందు మొహం చూసేది. మొహాలు చదవడం రాని మనిషి, ఆ నెలలో అది కూడా నేర్చుకోవడానికి ప్రయత్నించింది. పాకం రెండుసార్లు ముదిరిపోయింది.

చివరికి వేణుగోపాల్ వేరే డ్రైవరుతో వచ్చి చెప్పాడు. "ఉస్తాద్ తనే వెళ్ళి రైల్వే డాక్టరుకి చెప్పేసుకున్నారు పిన్నీ. ఆసుపత్రిలో పెట్టారు. ఇంజన్ దింపేస్తారంటున్నారు."

"ఏటన్నాడు నా గురించి?"

"ఏమీ అనలేదు" అన్నాడు. ఏమీ అనకపోవడం కంటే తిట్టినా బాగుండేదని ఆవిడకి అనిపించింది.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం, భోజనాలైపోయి వంటింట్లో ఎవరూ లేనప్పుడు, వెనక గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. యూనిఫారం లేదు. చేతిలో డ్రైవర్లు మోసే లైను పెట్టె లేదు. తెల్లచొక్కా, కాస్త చిక్కిన మొహం. మామూలు ప్యాసింజర్ బండిలో టికెట్టు మీద వచ్చిన త్రినాథరావు.

ఆవిడ లేచి నిలబడింది. తిట్టడానికే వచ్చాడనుకుంది. తిట్టించుకోవడానికి సిద్ధపడింది కూడా.

"దింపీసినారు సెల్లీ" అన్నాడు. "రాయగఢ్ లాబీలో కుర్సీ ఇచ్చినారు. ఎవులు ఏ బండెక్కాలో రాసుకోడం. నిన్న మొదటి డూటీ. నాను తోలిన ఇంజను నా ఎదరే ఇంకోడెక్కినాడు."

"నా మీద కోపమున్నాదా అన్నియ్యా?"

"ఉన్నాది. లేకపోడమేటి?" అని గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "నిన్న సాయంత్రం దాకా శానా ఉండీది. డూటీ దిగినాక డాక్టరు కళ్ళు సూసినాడు సెల్లీ. ఎడమ కంట్లో రగతం సిమ్ముతోందంట. ఇంకో ఆరు నెలలు ఇలాగే దాసుంటే కుడిది కూడా పోయీదన్నాడు. సిగ్నల్ ఎర్రదో పచ్చదో తెలీకుండా తోలీవోడిని. ఆ మాట రాత్రి మా ఇంటిది అనంతలచ్చిమికి సెప్తే, అది లేచి దణ్ణమెట్టింది. నాకు కాదు, ఇటేపు తిరిగి నీకు."

ఆవిడ మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఆకలేత్తోంది. ఏటైనా ఎట్టు" అన్నాడు.

డ్యూటీ మీద ఉన్నవాడికే ఆ వంటింట్లో తిండి. పైగా ఆయన పిండి తేలేదు. అప్పలనర్సమ్మ తన ఇంటి డబ్బా విప్పింది. అన్నం, వంకాయ కూర, చారు. సగం కంచంలో పెట్టబోయి, మొత్తం పెట్టేసింది. మాత్ర వేసుకున్నావా అని అడిగింది. వేసుకున్నానన్నాడు. అయితే తిను, మాటలాపి తినమంది.

ఆయన తింటున్నాడు. ఆవిడ ఎదురుగా పీట మీద కూర్చుంది. వాము నీళ్ళ సంగతి అప్పుడు చెప్పింది. పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట, కన్నకూతురికి కూడా చెప్పని మాట. పదకొండు నెలలు కాచి ఇచ్చాననీ, తెలిసే ఇచ్చాననీ, కాలనీలో అందరూ ఎంత సేవ చేసిందో అంటుంటే తల ఊపాననీ. త్రినాథరావు ముద్ద పట్టుకున్న చెయ్యి ఆపి విన్నాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. విన్నాక మిగిలిన అన్నం మెతుకు వదలకుండా తిని, చెయ్యి కడుక్కుని, "రాయగఢ్ బండికి టైమయిపోతంది" అని లేచాడు. గుమ్మం దాటి, సైకిళ్ళ పక్కనుంచి, పట్టాల వైపు తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ వెళ్ళాడు.

ఆ మనిషి మలుపు తిరిగేదాకా చూసి, అప్పలనర్సమ్మ ఖాళీ కంచం ఒళ్ళో పెట్టుకుని భోరుమంది. సింహాచలం పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదు. గుండె రాయి చేసుకుందని అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. రాయీ లేదు, రప్పా లేదు. ఆ రోజు ఏడవడానికి ఆవిడకి మొహం చెల్లలేదు.